గొంగడి: నల్లగొండ, పాలమూరు మెట్టల ఉన్ని వస్త్రం

గొంగడి దక్కన్ పీఠభూమిలో గొర్రెల కాపరులు నల్ల గొర్రెల ఉన్నితో చేతిమగ్గం మీద నేసే మోటు వస్త్రం. కోస్తాలో దీన్ని గొంగళి అనీ, కర్ణాటక సరిహద్దు ఊళ్లలో కంబళి అనీ, మహారాష్ట్రలో ఘోంగడీ అనీ అంటారు. దక్షిణ తెలంగాణలో కృష్ణా నదికి ఎక్కువగా ఉత్తరాన ఉన్న మెట్ట ప్రాంతం, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), ఉమ్మడి నల్లగొండ జిల్లాలు, దీని పాత నెలవుల్లో ముఖ్యమైనవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలోనూ, 2019లో నారాయణపేట ఏర్పడినప్పుడూ ఈ రెండు జిల్లాలు విడిపోయాయి. ఇప్పుడు ఈ నేల ప్రధానంగా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో ఉంది.

మూడు నాలుగు దశాబ్దాల పాటు గొంగడి పాతబడిపోయిన వస్తువు. ఇంట్లో ఉన్నా అటక మీద ఉండేది, లేదా ముసలాయన మంచం మీద. ఇప్పుడది ఉద్యమ వేదికల మీదుగా, సన్మాన సభల మీదుగా, నగరాల్లోని డిజైనర్ల బల్లల మీదుగా మళ్లీ కళ్లెదుటికి వస్తోంది. అయితే ఈ రాకలో ఒక వెలితి ఉంది. గొంగడి బొమ్మ తిరిగి వచ్చినంత వేగంగా, గొంగడినిచ్చే నల్ల గొర్రె తిరిగి రాలేదు. ఈ వస్త్రం గురించి ఏం చెప్పాలన్నా గొర్రెతోనే మొదలుపెట్టాలి.

నేల, గొర్రె

ఈ మెట్టల్లో వాన తక్కువ. మహబూబ్‌నగర్ వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్ల అటూఇటూ పడుతుంది, నల్లగొండ వైపు కొంచెం ఎక్కువ. ఎర్ర చెలకలు, బండరాళ్ల గుట్టలు, తుమ్మ, రేగు, తంగేడు పొదలు, దక్షిణాన అచ్చంపేట దాటితే నల్లమల అడవి. నీరు పారని నేల కాబట్టి జీవాలే ఆధారం. రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా ఉన్నది కూడా ఉమ్మడి పాలమూరు నేలలోనే.

ఇక్కడి పాత జాతి దక్కనీ గొర్రె. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల్లో విస్తరించిన ఈ జాతికి ఎక్కువగా నల్లని బొచ్చు ఉంటుంది. గోధుమ, బూడిద, తెలుపు మచ్చలవీ కనిపిస్తాయి. ఎండకు తట్టుకుంటుంది, దూరం నడుస్తుంది, పొదల మీద ఆకు గిల్లుకుని బతుకుతుంది. ఒంటి మీద ఉన్ని ఉంటుంది కానీ, ఆ ఉన్ని మోటుది. మెత్తని స్వెటర్లకు వాడే మెరీనో ఉన్ని పోగు మందం 24 మైక్రాన్ల లోపు. ఒంటికి తగిలినప్పుడు గుచ్చుకోకుండా ఉండాలంటే పోగు 30 మైక్రాన్లు దాటకూడదు. దక్కనీ పోగు సగటున 40 దాటుతుంది, పైగా అందులో చాలా భాగం బోలుగా ఉండే వెంట్రుక. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అనే సామెత పుట్టింది ఈ బొచ్చు తీరు చూసే.

ఈ మోటుదనమే దాని బలం కూడా. గొర్రె చర్మం నుంచి వచ్చే సహజమైన కొవ్వు ఉన్నికి అంటి ఉంటుంది కాబట్టి వాన చినుకు లోపలికి ఇంకకుండా జారిపోతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతుకు దగ్గరగా తేమను పీల్చుకొని కూడా వెచ్చదనం కోల్పోదు. నూలు దుప్పటి తడిస్తే చలి పెడుతుంది. గొంగడి తడిసినా కప్పుకోవచ్చు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆరుబయట మందతో తిరిగే మనిషికి ఇంతకన్నా మంచి బట్టను ఈ నేల మీద ఇంకెవరూ తయారు చేయలేదు.

తయారీ

ఏడాదికి రెండుసార్లు గొర్రె బొచ్చు కత్తిరిస్తారు. ముందు చెరువులోనో కుంటలోనో గొర్రెలను కడిగి, ఆరాక, కాళ్లు కట్టి పడుకోబెట్టి పెద్ద ఇనుప కత్తెరతో తీస్తారు. ఒక గొర్రె ఇచ్చే ఉన్ని ఏడాదికి కిలోకు మించదు. రెండు మూడు కిలోలు తూగే గొంగడికి నాలుగైదు గొర్రెల ఏడాది ఉన్ని పడుతుంది. పిల్ల గొర్రెకు మొదటిసారి తీసిన బొచ్చు అన్నిటికన్నా మెత్తన. దాన్ని వేరుగా దాచి, మంచి గొంగడికి వాడతారు.

కత్తిరించిన ఉన్నిలోంచి ముళ్లు, పల్లేరు కాయలు, మట్టి ఏరేశాక వింటి నారితో ఏకుతారు. ఏకిన ఉన్నిని రాట్నం మీద వడికేది ఆడవాళ్లు. ఈ పనికి పట్టే సమయం మగ్గం మీద పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ. గొంగడి గురించి రాసేవాళ్లు మగ్గం ముందు కూర్చున్న మగమనిషి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. గొంగడిలో సగానికి పైగా శ్రమ రాట్నం దగ్గర కూర్చున్న ముసలమ్మది. ఆమె వడకడం ఆపేసిన ఊళ్లో మగ్గమూ ఆగిపోయింది.

పడుగును వీధిలో పొడవుగా సాచి గంజి పెడతారు. ఈ గంజి చింతగింజలది. గింజలు వేయించి, పైతొక్క తీసి, నానబెట్టి నూరి, ఉడికించి అంబలిలా చేసి కుంచెతో పోగులకు పట్టిస్తారు. మోటు ఉన్ని పోగులు ఒకదానికొకటి చిక్కుకుని తెగిపోకుండా ఈ జిగురు ఆపుతుంది. కొత్త గొంగడి అట్టలా బిరుసుగా ఉండడానికీ, వాడగా వాడగా మెత్తబడడానికీ కారణం ఇదే. నేత గుంట మగ్గం మీద జరుగుతుంది. నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. పేక పోగును దూర్చిన ప్రతిసారీ బరువైన చెక్కతో బాది బిగిస్తాడు. ఆ బిగింపును బట్టే గొంగడి వానకు ఎంత ఆగుతుందనేది ఉంటుంది.

రంగులు అద్దరు. నల్ల గొర్రె ఉన్ని నల్లగా, తెల్లదాని ఉన్ని తెల్లగా, ఎండకు వెలిసినది కాఫీ రంగులో ఉంటుంది. అంచున తెల్ల పోగుతో వచ్చే చారలే అలంకారం. ఇరవై ఏళ్లు వాడినా చిరగని గొంగళ్లు పాలమూరు ఇళ్లలో ఇంకా దొరుకుతాయి.

ఒంటి మీద గొంగడి

దీన్ని కుట్టరు, కత్తిరించరు. నాలుగు పలకల బట్టను మడత మార్చి వాడతారు. వానలో ఒక మూలను లోపలికి మడిచి తల మీద కొప్పెరలా వేసుకుంటే వీపు, భుజాలు, మోకాళ్ల దాకా తడవవు. వాన లేనప్పుడు మడిచి ఎడమ భుజం మీద వేసుకుంటారు. మధ్యాహ్నం చెట్టు కింద పరుపు, రాత్రి పొలంలో మంద దగ్గర పక్క, తెల్లవారుజామున దుప్పటి. దారిలో ఈనిన గొర్రె పిల్లను మోసుకొచ్చేది గొంగడి మడతలోనే. ముతక బొచ్చు మీదికి పాములు, తేళ్లు పాకి రావని కాపరుల నమ్మకం. మందను పొలాల్లో నిలిపి ఎరువు పెట్టించే రోజుల్లో కాపరి ఇల్లు వదిలి నెలల తరబడి బయటే పడుకుంటాడు. వేసవిలో మేత వెతుక్కుంటూ నాగార్జునసాగర్ కాలువల కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి కొయ్యల దాకానో, నల్లమల లోపలికో పోయే మందల వెంట పోయే సామాను చాలా తక్కువ. అందులో గొంగడి తప్పనిసరి.

కాపరులు కానివాళ్లూ వాడేవారు. మోట కొట్టే రైతు, రాత్రి కాపలా మనిషి, బండి తోలేవాడు, ఇంట్లో బాలింత. ధాన్యం ఆరబోయడానికి, చంటిపిల్లలను పడుకోబెట్టడానికి కూడా. మెట్ట పల్లెల్లో గొంగడి కొనడమంటే అంగట్లో బేరం చేయడం ఒక్కటే కాదు. చాలా ఊళ్లలో ధాన్యం ఇచ్చి నేయించుకునేవారు.

కురుమలు, దేవుళ్లు

గొంగడి నేసేది ప్రధానంగా కురుమలు. కర్ణాటక కురుబలు, మహారాష్ట్ర ధన్‌గర్లు వీరికి దగ్గరి వృత్తి సమూహాలు. గొల్లలు గొర్రెలు కాస్తారు కానీ, ఉన్ని వడికి నేసే పని కురుమలకే ప్రత్యేకం. కురుమల్లో ఉన్ని కంకణం వారు, పత్తి కంకణం వారు అని రెండు శాఖలున్నాయి. పెళ్లిలో చేతికి కట్టే తోరం ఉన్ని పోగుతోనా, నూలు పోగుతోనా అన్నదే ఆ తేడా. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల సంపుటాల్లో కన్నడ కురుబల గురించి ఇదే విభజన నమోదైంది. గొర్రెలు పుట్టలోంచి పుట్టుకొచ్చాయనే కథ కూడా అక్కడా ఇక్కడా ఒకటే.

వీరి కులదైవం బీరప్ప; మల్లన్నా ఇంటి దేవుడే. ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, డోళ్లు కొట్టి, రాత్రంతా బీరప్ప కథ, మల్లన్న కథ చెబుతారు. దేవుడి ముందు పరిచేది గొంగడే. కులపెద్దలు తగువు తీర్చడానికి కూర్చునేదీ గొంగడి మీదే. పట్టుబట్టకు ఇతరుల పెళ్లిళ్లలో ఎంత గౌరవమో, ఈ ఇళ్లలో ఉన్నిబట్టకు అంత.

సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి మాఘమాసంలో పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. ఇది గొల్లల, అంటే యాదవుల జాతర. గజ్జెల లాగులు తొడిగి, కటార్లు పట్టుకొని, లింగా లింగా అని అరుస్తూ గుట్టెక్కే జనం ఉమ్మడి నల్లగొండ నలుమూలల నుంచీ వస్తారు. చలి ఇంకా పూర్తిగా పోని ఆ రోజుల్లో గుట్ట కింద రాత్రుళ్లు గడిపే పెద్దమనుషుల భుజాల మీద గొంగడి ఉంటుంది.

భుజం నుంచి వేదికకు

గొంగడికి రాజకీయ అర్థం వచ్చింది నల్లగొండలోనే. 1946 జులై 4న కడవెండిలో భూస్వామి అయిన దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య కురుమ కుటుంబంవాడు. అప్పట్లో కడవెండి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆ చావుతో రగిలిన తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. దొరల పెళ్లిళ్లకు, పండగలకు ఉచితంగా గొర్రెలు తోలివ్వాల్సిన వెట్టి కింద నలిగినవాళ్లు, ఆ పోరాటానికి మొదటి అమరుణ్ని ఇచ్చారు. ఆ తరువాత చిత్రాల్లో, నాటకాల్లో గొంగడి, చేతికర్ర కలిస్తే తెలంగాణ రైతు అని గుర్తుపట్టే అలవాటు ఏర్పడింది.

ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చినవాడు ప్రజాగాయకుడు గద్దర్. గోచీ ధోవతి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జెలు ఆయన వేషం. గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి సినిమాలో బండి యాదగిరి పాటను ఆయన గొంగడి వేసుకుని పాడిన దృశ్యం ఆ వేషానికి ముద్ర వేసింది. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినప్పుడు పత్రికలు వేసిన ఫొటోల్లోనూ భుజం మీద గొంగడి ఉంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలపు ధూం ధాం సభల్లో ఆటగాళ్లు ఈ వేషమే కట్టారు. గొల్ల కురుమల సభకు వచ్చిన నాయకుడికి గొంగడి కప్పి, కర్ర చేతికిచ్చి, గొర్రెపిల్లను భుజానికెత్తడం ఇప్పుడు అన్ని పార్టీలకూ మామూలైంది. అలా కప్పించుకున్న గొంగడి ఎంతమంది ఇళ్లలో చలికాలం బయటికి వస్తుందో అడగవలసిన ప్రశ్నే. వేషానికి వాడే గొంగడి ఏడాదికొకటి చాలు. మగ్గం బతకాలంటే వాడుక కావాలి.

స్వెటర్లు, బ్లాంకెట్లు వచ్చాక

గొంగడిని వెనక్కి నెట్టినవి మూడు వైపుల నుంచి ఒకేసారి వచ్చాయి. మొదటిది లూధియానా స్వెటర్. యాక్రిలిక్ దారం చవక, ఉతకడం తేలిక, రంగులు బోలెడు, పైగా గుచ్చుకోదు. నవంబరు రాగానే పట్నాల్లో రోడ్డు పక్కన స్వెటర్లు, మంకీ క్యాపుల దుకాణాలు వెలుస్తాయి. లూధియానా సరకును దక్షిణాదికి మోసుకొచ్చినవారిలో టిబెట్ శరణార్థులు ముఖ్యులు. 1960ల తరువాత కర్ణాటక శిబిరాల్లో స్థిరపడిన కుటుంబాలకు చలికాలపు స్వెటర్ల అమ్మకం పెద్ద జీవనాధారమైంది. రెండోది సోలాపూర్ చద్దరు. పాలమూరు పశ్చిమ ఊళ్లకు సోలాపూర్ దూరమేమీ కాదు. మూడోది పానిపట్టు కంబళి: పాత ఉన్ని బట్టలను చింపి మళ్లీ దారం తీసి నేసే ఈ పరిశ్రమ ధరతో పోటీ పడటం చేతిమగ్గానికి అసాధ్యం.

అయినా ఇవేవీ గొంగడిని పూర్తిగా తీసివేయలేకపోయేవి. మందలో గొర్రె మారడమే అసలు దెబ్బ. మాంసం ధర పెరిగే కొద్దీ కాపరులు నెల్లూరు జాతి పొట్టేళ్లను తెచ్చి మందలో కలిపారు. నెల్లూరు గొర్రె పొడుగు, త్వరగా బరువెక్కుతుంది, ఒంటి మీద ఉన్ని ఉండదు, కత్తిరించే శ్రమా లేదు. కాపరి లెక్క సరైనదే: ఉన్నికి వచ్చే ధర కత్తిరించే కూలికి చాలకపోతే బొచ్చు గొర్రెను ఎందుకు పెంచాలి? 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకం ఈ మార్పును ఇంకా వేగిరపరిచింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపిన యూనిట్ ధర మొదట 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. జీవాలు బయటి రాష్ట్రాల నుంచి, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చాయి. వాటిలో ఎక్కువ మాంసపు జాతులే. 2019 పశుగణనలో తెలంగాణ 1.91 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానానికి చేరింది. దేశంలో ఇన్ని గొర్రెలున్న రాష్ట్రంలో గొంగడికి ఉన్ని దొరకడం కష్టమైంది. మాంసం లెక్క, ఉన్ని లెక్క ఒకటి కాదని పథకం రాసినప్పుడే గమనించి ఉండవలసింది.

ఇదే నేలలోని నూలు, పట్టు నేతలకు జరిగింది చూస్తే తేడా తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర, పుట్టపాక తేలియా రుమాలు నాలుగింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పుట్టపాక నుంచి గజం గోవర్ధన, గజం అంజయ్య, ఆలేరు వైపు నుంచి చింతకింది మల్లేశం పద్మశ్రీలు అందుకున్నారు. వీరి కృషికి ఆ గౌరవం తగినదే. ఈ నేత బట్టల పేర్లు చీర కట్టే ప్రతి ఇంటికీ తెలుసు. ఉన్ని నేతకు అలాంటి ఆదరణ ఎన్నడూ రాలేదు, కారణం అది పెళ్లికూతురు కట్టే బట్ట కాకపోవడమే కావచ్చు.

తిరిగి రాక

పాత ఉన్ని బట్ట మళ్లీ ఫ్యాషన్‌లోకి రావడం ప్రపంచంలో కొత్త సంగతి కాదు. చలి దేశాల్లో ఆకురాలు కాలం మొదలవగానే తాతల నాటి స్వెటర్లు దుకాణాల అద్దాల వెనుక కనిపిస్తాయి. షెట్‌లాండ్ దీవుల ఫెయిర్ ఐల్ అల్లికను 1920లలో బ్రిటిష్ యువరాజు ఎడ్వర్డ్ తొడిగి ప్రచారంలోకి తెచ్చాడు. 2007 నాటి డెన్మార్క్ టీవీ ధారావాహికలో పోలీసు అధికారిణి వేసుకున్న ఫారో దీవుల స్వెటర్‌కు యూరప్ అంతటా గిరాకీ పెరిగింది. ఐస్‌లాండ్ గొర్రె ఉన్ని మెరీనోలా మెత్తనిది కాదు. అయినా అక్కడివాళ్లు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మెడ చుట్టూ వలయాకారపు అల్లికతో లోపపేయ్‌సా అనే స్వెటర్‌ను రూపొందించి దేశపు గుర్తుగా చేసుకున్నారు. స్కాట్లాండ్ పశ్చిమ దీవుల హారిస్ ట్వీడ్‌కు 1993లో ప్రత్యేక చట్టమే వచ్చింది: ఆ పేరు పెట్టాలంటే ఆ దీవుల్లో, నేతగాడి ఇంటి దగ్గరే నేసి ఉండాలి. మోటు ఉన్నికి కొత్త రూపం, చట్టపు కాపు, నేతగాడి ఇంటికి చేరే కూలి మూడూ కలిసిన చోట మంద కూడా మిగిలింది.

మన దగ్గర ఈ ప్రయత్నాలు చిన్నవే కానీ నిజమైనవి. పశువైద్యులు నిత్యా ఘోట్గే, సాగరి రాందాస్ స్థాపించిన ఆంత్ర సంస్థ 1990ల నుంచి దక్కన్ కాపరులతో పనిచేస్తూ, నల్ల దక్కనీ గొర్రెను కాపాడాలనే వాదనను బలంగా వినిపించింది. హైదరాబాద్ కేంద్రంగా డిజైన్ చదివిన యువకులు నెలకొల్పిన ఎర్తెన్ ట్యూన్స్ సంస్థ దక్కనీ ఉన్ని బట్టతో రైతులు వేసుకునే బూట్లు తయారు చేసింది. గొంగడికి ఉన్న గుణాలే, నీళ్లకు ఆగడం, గాలి ఆడటం, ముల్లుకు అంత తేలిగ్గా లొంగకపోవడం, పాదానికి పనికొస్తాయన్నది వారి ఆలోచన. మోటు ఉన్నిని మెత్తగా మార్చాలని తాపత్రయపడకుండా, మోటుదనం ఎక్కడ కావాలో వెతకడం తెలివైన దారి. సంచులు, నేల చాపలు, దిండు గలీబులు, నూలు అస్తరు వేసిన కోట్లు కూడా ఈ దారిలోవే.

దిల్లీలోని సెంటర్ ఫర్ పాస్టోరలిజం దేశీ ఉన్నిపై చేస్తున్న కృషిలో భాగంగా సురేశ్ ఎరియట్ దేశీ ఊన్ అనే లఘు యానిమేషన్ చిత్రం తీశారు. ఉన్నితోనే బొమ్మలు చేసి నడిపించిన ఈ చిత్రానికి 2025లో ఫ్రాన్స్‌లోని ఆన్సీ ఉత్సవంలో జ్యూరీ పురస్కారం వచ్చింది. దక్కనీ గొర్రె కథ అంత దూరం పోయింది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక భూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది.

గొంగడిని స్వెటర్‌గా మార్చగలమా అని అడిగేవారున్నారు. మొదటి కత్తిరింపు పిల్ల ఉన్నిని వేరు చేసి, మెత్తని ఉన్నితో కలిపి వడికితే చొక్కా మీద తొడిగే కోటు, జర్కిన్ వస్తాయి; చర్మానికి తగిలే స్వెటర్ రాదు. ఉన్నిని జాతి ప్రకారం, వయసు ప్రకారం ఏరి వేరు చేసే కేంద్రం, వడికే ఆడవాళ్లకు గంటల లెక్కన తగిన కూలి, దక్కనీ పొట్టేళ్లను నిలబెట్టుకునే కాపరికి ప్రోత్సాహం, ఈ మూడూ ముందు కావాలి. ప్రభుత్వం ఏ గొర్రెల పథకం తెచ్చినా అందులో దక్కనీ జాతికి విడిగా ఒక వాటా పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

గుర్తించడం, కాపాడుకోవడం

అంగట్లో నల్లగా కనిపించేదంతా గొంగడి కాదు. యాక్రిలిక్, పాత ఉన్ని కలిపిన మిల్లు కంబళ్లు గొంగడి పేరుతో అమ్ముడవుతున్నాయి. అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పుకు పెడితే తెలిసిపోతుంది. ఉన్ని పోగు వెంట్రుక కాలిన వాసనతో ముడుచుకుని, నిప్పు తీయగానే ఆరిపోయి, నలిపితే పొడవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది. చేతి గొంగడి పోగులు ఒకే మందంలో ఉండవు. నలుపులోనే రెండు మూడు ఛాయలుంటాయి. కొత్తదానికి చింతగింజల గంజి బిరుసు, గొర్రె వాసన ఉంటాయి. ఆ వాసన రెండు మూడు ఎండలకు తగ్గుతుంది.

గొంగడిని వేడినీళ్లలో ఉతకకూడదు. ఉన్ని ముడుచుకుని గట్టిపడి, మళ్లీ పాత కొలతకు రాదు. బాగా మాసితే చల్లని నీటిలో కుంకుడు రసంతో జాడించి, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి. మామూలుగా దులిపి ఎండలో వేస్తే చాలు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు మడతల్లో పెట్టి దాస్తారు. ఎలుక కొరికితేనో, నిప్పురవ్వ పడితేనో చిల్లి పడినచోట అదే రంగు ఉన్ని పోగుతో అల్లి పూడ్చవచ్చు, మగ్గం ఉన్న కురుమ ఇంటికి తీసుకెళితే అది వాళ్లకు కొద్దిసేపటి పని.